కాయల గదిలో నెట్టు డబ్బా

ఏవండీ,

ఎలా ఉన్నారని అడగొచ్చో కూడదో తెలీటం లేదు. మీరు పైకి వెళ్ళిపోయి పది నెలలైంది. మీరు లేకుండా ఇదే మొదటి మామిడి కాపు...

ఒక బాధ చెప్పుకోవాలి. మన మనవరాలు శ్రావణి నాకు తోడుగా ఉంటూ, ఆఫీసు పని ఇంట్లోంచే కంప్యూటర్లో చేసుకుంటోంది. ఈమధ్య పదిహేను రోజులపాటు నెట్టు సరిగ్గా రాలేదండీ. అవతలివాళ్ళు మాట్లాడుతుండగానే బొమ్మ బిగుసుకుపోయేది. అందుకని పొద్దున్నే కంప్యూటరు పట్టుకుని ఎదురింటికి పోయేది. సరోజిని ఇంటికి!

సాయంత్రం వచ్చి, ఆవిడ పులిహోర ఎంత బాగుందో నాకే చెప్పేది. ఆవిణ్ణీ అమ్మమ్మే అంటోంది. కడుపు మండదూ? ఆవిడ మాగాయని మీరూ ఓసారి మెచ్చుకున్నారు... మరిచిపోయాననుకున్నారా?

ఓ రోజయితే, సరోజిని మేడమీద గది ఖాళీగా ఉంది, నెట్టు బాగవకపోతే అక్కడే ఉంటానంది. నాకు ముద్ద దిగలేదు. ఒక్కదాన్నీ ఎలా ఉంటానండీ?

హనుమాన్ జంక్షన్ నుంచి నెట్టు బాగుచేసే ఆయన్ని పిలిపించాను. వైర్లన్నీ చూసి, నెట్టు వచ్చే డబ్బా ఎక్కడుందని అడిగాడు. కాయల గదిలో, నేల మీద. నాకు ఉరుములంటే భయం, దొంగలంటే భయం... తాళం ఉన్న గది అదొక్కటేగా. ఈ ఏడు డబ్బా చుట్టూనే వరిగడ్డి పరిచి, నడుమెత్తు చిన్న రసాలు మగ్గేశాను. శ్రావణికి ఇష్టమని. “కాయల గది తలుపు ఊరికే తియ్యకే, వేడి పోతుంది” అనేవారుగా మీరు... తలుపూ గట్టిగా మూశాను.

ఆయన నవ్వాడండీ. కాయ నిండా నీళ్ళేనట, నీళ్ళు నెట్టుని ఆపేస్తాయట. అంత గుట్ట దాటి నెట్టు రాలేదట. సరోజిని కాయలు చెట్టు మీదే అమ్మేసింది, ఇంట్లో ఏ అడ్డూ లేదు, ఆవిడకి బాగానే వస్తుంది. పిల్ల కోసం మగ్గేసిన కాయలే పిల్లని ఎదురింటికి పంపాయన్నమాట. ఇదేం న్యాయం?

డబ్బా హాల్లో ఎత్తుగా గోడకి పెట్టించాను. మూడు రోజులుగా పిల్ల ఇంట్లోనే పని చేసుకుంటోంది. మబ్బు పట్టిందంటే డబ్బా ఆపేద్దామని నా చెయ్యి స్విచ్చి మీదికే పోతుంది... చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను.

ఇన్నాళ్ళూ అన్నం పెట్టిందిగా, సరోజిని అమ్మమ్మకి ఓ బుట్ట పళ్ళివ్వమంటోంది శ్రావణి. ఇస్తానండీ, మీకు మాటిస్తున్నా. చిన్నవి ఏరి ఇస్తాను. కోప్పడకండి.

పిల్ల అన్నానికి పిలుస్తోంది. వెళ్తాను.

మీ
సుబ్బలక్ష్మి