నలభై ట్యాబ్‌లకు ఒకే పాస్

మార్చి 3, సోమవారం

నేను సిమ్ కార్డులు అమ్ముతానని బాబాయి ఇంటికొచ్చినవాళ్ళకి చెప్పాడు. కాదన్నాను. చూశారా దీని నోరు, అందుకే ఎక్కడా ఏడాది నిలవదు అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. రెండు ఉద్యోగాలు మానేసిన మాట నిజమే. ఎందుకు మానేశానో ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

నా పని ఇది. ఆంబులెన్సులో నర్సు చేతిలో ట్యాబ్ ఉంటుంది. రోగి గుండె గ్రాఫ్ అందులోంచి ఆ ఊళ్ళోనే పెట్టిన చిన్న సర్వర్‌కి, అంటే ఎడ్జ్ సర్వర్‌కి, అక్కణ్ణించి క్షణంలో డాక్టరుకి చేరుతుంది. బండి ఊరు దాటి వేరే కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్ళినా, అక్కడి సర్వర్ మన ట్యాబ్‌ని గుర్తుపట్టాలి. ఊళ్ళోవాళ్ళందరినీ రానివ్వకూడదు. అందుకే ట్యాబ్‌లో ఒక డిజిటల్ పాస్ ఉంటుంది, అది చూసే సర్వర్ తలుపు తీస్తుంది. చెప్పబోతే, కాఫీ చల్లారిపోతోందమ్మా అన్నాడు బాబాయి.

మార్చి 4, ఉదయం 10

ఒక ట్యాబ్ పోయింది. పెట్రోలు బంకులో బానెట్ మీద పెట్టి మరిచిపోయారట. సిమ్ ఆపేశాను. పాస్ రద్దు చెయ్యాలి. అయిదు నిమిషాల పని.

11.30

కాదు. నలభై ట్యాబ్‌లకూ ఒకటే పాస్. ఒకటి ఆపితే నలభై ఆగుతాయి.

మా మేనేజర్‌ని అడిగాను. ఏదడిగినా రేపు చూద్దాం అంటాడని ఆఫీసులో ఆయన పేరు రేపుగారు. ట్రయల్స్‌లో ఊరు మారినప్పుడల్లా కొత్త సర్వర్ ఈ ట్యాబ్ మీదేనా అని మన హెడ్డాఫీసు సర్వర్‌ని అడిగేదట, గ్రాఫ్ తొమ్మిది సెకన్లు ఆగేదట. అందుకని ఎవరూ ఏమీ అడగని పాస్ ఒకటి తయారుచేసి, ఒక ట్యాబ్‌లో ఎక్కించి, దాన్నే మిగతా ముప్ఫై తొమ్మిదింటికీ కాపీ కొట్టారు. తర్వాత మారుద్దామనుకున్నారు.

ఏ దొంగో విడిభాగాలకి అమ్ముకునుంటాడులే తల్లీ, ఆడిట్ అవనీ, గోరంతలు కొండంతలు చెయ్యకు అన్నాడు.

మార్చి 5

ట్యాబ్ బతికే ఉంది. పక్క ఊరి సర్వర్ లాగ్‌లో, మనది కాని సిమ్ నుంచి మన పాస్. ఆ నంబరు ఆపాను. గంటలో ఇంకో నంబరుతో వచ్చింది. సర్వర్ తలుపు తీసి, దయచెయ్యండి అంది. రేపుగారికి మెయిల్ పెట్టాను.

మార్చి 6, మధ్యాహ్నం 3

ఆంబులెన్స్ నర్సు ఫోన్ చేసి దులిపేసింది. పోయిన ట్యాబ్‌లో ఎవరో ఏదో నొక్కారు. పాస్ ఒకటే కనక సర్వర్ దాన్ని ఈవిడ బండి ట్యాబే అనుకుంది. దారిలో ఉన్న పెద్దాయన పేజీలో గీత తిన్నగా అయిపోయింది. ఇంక తొందరేముందనుకుని డాక్టరు ఆయన కోసం ఉంచిన గది వేరేవాళ్ళకిచ్చేశాడట. ఇక్కడ ఈయనేమో మంచినీళ్ళు మంచినీళ్ళు అంటున్నాడు, మనిషి బతికే ఉన్నాడని మీ మెషిన్‌కి కాస్త చెప్పండమ్మా అంది. ఇరవై నిమిషాలు ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ మీదే. ప్రాణం దక్కింది, ఇంకోడైతే పోయేవాడు అంది.

ట్యాబ్‌లన్నీ ఆపేస్తే మీకెలా అని అడిగాను. ఇవొచ్చి ఆర్నెల్లైంది, అంతకుముందు మేం గుడ్డివాళ్ళమా? గ్రాఫ్ చూసి ఫోన్లో చదివి చెప్పేదాన్ని. ఓ నిమిషం ఎక్కువ పడుతుంది, అబద్ధం మాత్రం వెళ్ళదు అంది.

5 గంటలు

రేపుగారి గదికి వెళ్ళాను. ఆపితే ఆడిట్‌లో కనబడుతుంది, నీ ఉద్యోగం ఊడుతుంది, ఇంట్లోవాళ్ళేమంటారో ఆలోచించుకో అన్నాడు.

ఆలోచించాను. మూడో ఉద్యోగం అంటారు.

మార్చి 7, ఉదయం 7.10

ఆరింటికే ఆసుపత్రికీ బండ్లన్నిటికీ ఫోన్ చేసి చెప్పాను. పాస్ రద్దు చేశాను. రద్దు చేసినవారు అన్నచోట నా పేరు. ఒక్కో ట్యాబ్‌కి, హెడ్డాఫీసుని అడిగి చూసే ఒక్కో కొత్త పాస్ ఎక్కిస్తున్నాను. మూడయ్యాయి. ఊరు దాటేటప్పుడు గ్రాఫ్ తొమ్మిది సెకన్లు ఆగుతుంది. ఆగనీ.