తల లేని మనిషి బొమ్మ

ప్రత్తిపాడు,
ఫిబ్రవరి 12

ప్రియమైన నా మనవరాలు మహిమకు నాయనమ్మ వందనాలు, ముద్దులు.

నీ ఒంట్లో ఎలా ఉంది? గొంతు నొప్పి తగ్గిందా? నీ గదిలో ఉండే నజ్మీన్‌కి జ్వరం విడిచిందా? వార్డెనమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఇక్కడ మీ నాన్న కరుణాకర్‌కి షుగరు ఉన్నచోటే ఉంది, మాట మాత్రం వినడు. మిరపకాయల ఘాటుకి మీ అమ్మకి దగ్గు. గేదె కూడా ఒక కాలు కుంటుతోంది. నేను బాగానే ఉన్నాను. ఈ ఏడు కల్లంలో తొడిమలు తీయడానికి పోవడం లేదు, గొంతుక్కూర్చోలేకపోతున్నాను. నాకు నడుము నొప్పి అని మీ నాన్నతో చెప్పాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోను మోగితే మీ నాన్న స్పీకరు పెట్టి మంచం మీద పడేస్తాడు, వీధంతా వింటుంది. సండే స్కూల్లో నేర్చిన నాలుగు అక్షరాలున్నాయి గదా. రాసుకుంటే నా మాట నీ ఒక్కదానికే చేరుతుంది.

డాక్టర్ల పుస్తకాలకి బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నావంటే సంతోషమే. కానీ చచ్చిపోయినవాళ్ళని కోసి పెడితే ఎదురుగా కూర్చుని గీస్తావట. ఆ చేత్తోనే అన్నం తింటున్నావా? సబ్బు పెట్టి కడుక్కో. ఆ మనిషి పేరేమిటి? తెలిస్తే ప్రార్థనలో పెడతాను.

నువ్వు పంపిన బొమ్మ అందింది. అదేమిటో చెప్పకుండా ఆడవాళ్ళకి చూపించి, వాళ్ళకేం అర్థమైందో రాయమన్నావు. బుధవారం స్త్రీల కూటం అయ్యి పాస్టరమ్మ వెళ్ళాక తీశాను. సుబ్బరావమ్మ చూడగానే "ఈవిడ తల ఏమయిందే?" అంది. "కాళ్ళూ లేవు. ఎవరు నరికారో పాపం" అంది ఇంకొకామె. పొట్ట చీల్చి లోపల బోర్లించిన కూజాలాంటిది ఒకటి వేశావు, దాని మీదికి ఒక బాణం. బాణం తగిలి పోయిందని అందరూ తేల్చారు. పిచ్చమ్మయితే కళ్ళు మూసుకుని "తీసెయ్యవే, అన్నం సహించదు నాకు" అంది.

నాకూ భయమేసింది. బైబిల్లో పెట్టడానికి మనసొప్పక బియ్యం డబ్బా కింద పెట్టాను. నువ్వు మాత్రం బెంగపడకు.

నిన్ను తలవని పూట లేని,
నాయనమ్మ


చెన్నై,
ఫిబ్రవరి 19

ప్రియమైన నాయనమ్మకి,

గొంతు తగ్గింది. నజ్మీన్ లేచి తిరుగుతోంది. తన మోకాళ్ళ గురించి ఇంతవరకూ అడిగింది నువ్వొక్కదానివేనని వార్డెనమ్మ అన్నారు.

నీ ఉత్తరం మా మేడమ్‌కి చదివి వినిపించాను. బాణం దగ్గర నవ్వారు, తర్వాత నవ్వలేదు. "చూసినవాళ్ళు భయపడితే బొమ్మ తప్పినట్టే. ఇంకొక్కసారి గీయి. అదీ అర్థం కాకపోతే ఈ పని వేరేవాళ్ళకి ఇస్తాను" అన్నారు. ఊళ్ళలో ఆశా వర్కర్లు ఆడవాళ్ళకి చూపించే పుస్తకం ఇది. నా చేతికొచ్చిన మొదటి పని.

తప్పు నాదే. ముందు ఎముక, దాని మీద కండ, దాని మీద నరం, ఇలా గీసి గీసి మనిషిని కోసి చూడటమే అలవాటైపోయింది. బాణం అంటే మాకు 'ఇక్కడ చూడు' అని. అది మీకెలా తెలుస్తుంది? నేను గీసింది గర్భసంచి. దాని కింద కండలు జోలె కట్టినట్టు ఉంటాయి. కాన్పుల వల్ల, బరువులు మోయడం వల్ల ఆ జోలె వదులైతే సంచి కిందికి జారుతుంది. కొందరికి బయటికి కూడా వస్తుంది.

ఈసారి పీట మీద కూర్చున్న మనిషిని వేశాను. తల, కాళ్ళు, చీర అన్నీ ఉన్నాయి. లోపలిది చీరలోంచి కనపడేలా పలచగా రంగు వేశాను. చూపించి రాయి.

నువ్వడిగిన ఆ చనిపోయిన మనిషి పేరు మాకు చెప్పరు. మొదటిరోజు కత్తి పట్టేముందు అందరం మౌనంగా నిలబడ్డాం. పేరు లేకుండానే ప్రార్థన చెయ్యి. సబ్బుతో కడుక్కునే తింటున్నాను.

నీ మహిమ


ప్రత్తిపాడు,
మార్చి 2

మహిమా తల్లికి,

అందరూ బాగున్నారని రాశావు, అయినా నాకు భయంగానే ఉంటుంది.

కొత్త బొమ్మ చూపించాను. ఈమెకి మొహం ఉంది, మన పేట మనిషిలాగే ఉంది. సుబ్బరావమ్మ టీ పెడతానని లేచింది. పిచ్చమ్మ చాప అంచు సర్దుకుంటూ కూర్చుంది. అర్థం కాలేదనుకోకు. అర్థమైంది కాబట్టే నోళ్ళు మూతపడ్డాయి. ఆ మాట మీ మేడమ్‌కి చెప్పు, పని నీ దగ్గరే ఉంచమను.

ఇంకో సంగతి. ఆ జబ్బు పిచ్చమ్మకి ఉంది. నీ బొమ్మలో కొంచెమే దిగినట్టు వేశావు, ఆమెకి అంతకంటే కిందికి వస్తుంది. నిలబడితే, దగ్గితే, బిందె ఎత్తితే వస్తుంది. పడుకుంటే లోపలికి పోతుంది. గుడ్డ కట్టుకుని తిరుగుతుంది. ఒంటికి పోతే మంట. కొడుక్కి చెప్పే మాటా ఇది? కోడలికి చెబితే అసహ్యించుకుంటుందేమో. ఇది క్యాన్సరా? కోసేస్తారా? మగ డాక్టరు చూస్తాడా? కోస్తే ఈ వయసులో మళ్ళీ లేస్తుందా?

ఎవరితోనూ అనకు, పిచ్చమ్మ పరువు పోతుంది.

నీ నాయనమ్మ


చెన్నై,
మార్చి 8

ప్రియమైన నాయనమ్మకి,

పిచ్చమ్మ పెద్దమ్మ అడిగిందని నువ్వు రాసినవన్నీ డాక్టర్‌ని అడిగాను. చూడకుండా పూర్తిగా చెప్పలేనన్నారు. కానీ ఇది చాలామంది ఆడవాళ్ళకి వచ్చేదేనట. సంచి జారినంత మాత్రాన క్యాన్సర్ కాదట. కొందరికి సంచి జారకుండా లోపల రింగు పెడితే చాలట, కొందరికి ఆపరేషన్ కావాలట. పెద్ద వయసువాళ్ళు కూడా చేయించుకుని లేచి తిరుగుతున్నారట. మంట మాత్రం అశ్రద్ధ చేయకూడదన్నారు. గుంటూరులో మా మేడమ్‌కి తెలిసిన డాక్టరమ్మ ఉన్నారు. ఆవిడే చూస్తారు, మగవాళ్ళెవరూ ఉండరు.

నువ్వు రాసింది చదివాక ఇంకో బొమ్మ గీశాను, బాగా కిందికి దిగినప్పుడు ఎలా ఉంటుందో. అది మా పాఠాల్లో లేదు, నీ ఉత్తరంలోంచి వచ్చింది. పుస్తకంలో రెండూ వేస్తున్నారు.

పిచ్చమ్మ పెద్దమ్మకి ఒక్క మాట చెప్పు. నేను వస్తాను, పక్కనే ఉంటాను. నన్ను పెంచినామెని చూసుకున్నట్టే చూసుకుంటాను. ఏ రోజు రమ్మంటుందో రాయి.

నీ మహిమ


ప్రత్తిపాడు,
మార్చి 14

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం చదివి కంగారుపడ్డాను. నువ్వొచ్చి నేరుగా పిచ్చమ్మ ఇంటికి పోయి "పద పెద్దమ్మా" అంటే నా గతేమిటి? ఆ జబ్బు నాది. నోరు రాక ఆమె పేరు పెట్టాను. 'నన్ను పెంచినామె' అని రాశావు, నీకు ముందే తెలిసిపోయిందేమో.

ముందే పిచ్చమ్మ చెవిన వేద్దామని మధ్యాహ్నం వాళ్ళింటికి పోయాను. బొమ్మ ముందు పెట్టి "పిచ్చమ్మా, నీకిది ఉందని నా మనవరాలికి రాశానే" అన్నాను. మిగతా మాట నోట్లో ఉండగానే లేచింది.

"ఎవరే నీకు చెప్పింది? నా కోడలేనా?"

"ఎవరూ చెప్పలేదే."

"చెప్పకుండా నీకెట్టా తెలిసిద్ది? గుడ్డలు ఆరేస్తుంటే గోడమీంచి చూశావా? ఇంకెవరెవరికి చాటావు?"

చీపురు చేతిలోకి తీసుకుంది. "ఒసే, నాకుంటే నీ పేరు రాశానే" అన్నాను.

అట్లాగే నిలబడిపోయింది. "నీకా?"

"నాకే. కరుణాకర్ తర్వాత కాన్పు పోయింది చూడు, అప్పటినుంచి."

"ముదనష్టపుదానా, ఇన్నేళ్ళు నీ పక్కన కూర్చుని తొడిమలు తీశాను. ఒక్క మాట చెప్పొద్దూ?"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే కిందికి దిగుతుందని ఇద్దరం పొత్తికడుపు పట్టుకున్నాం. అది చూసుకుని మళ్ళీ నవ్వాం.

ఇంటికొచ్చి మీ అమ్మకి చెప్పాను. నా చేతిలో బిందె తీసుకుంది. ఆమే మీ నాన్నకి చెబుతానంది, ఏమంటాడో.

డాక్టరమ్మ ఇద్దరినీ ఒకే రోజు చూస్తుందో లేదో కనుక్కో. ముందు నన్ను చూడమను, పిచ్చమ్మకి భయం ఎక్కువ. రైల్లో కిటికీ దగ్గర తల బయటపెట్టకు. దారిలో తినడానికి ఏదన్నా కట్టించుకో.

మొదటి బస్సెక్కి వచ్చి, గుంటూరు బస్టాండులో నీ కోసం ఎదురుచూస్తూ ఉండే
నాయనమ్మ ఎలీసమ్మ, పిచ్చమ్మ.

నువ్వడిగిన రోజు, మార్చి 24, మంగళవారం.