గ్యాస్ క్యూలో కేకు

బయామో,
జూన్ నెలాఖరు.

అమ్మకు,

నీ కొడుకు ఓస్నియెల్ ముద్దులు. ఇక్కడ అమ్మమ్మా, చెల్లీ, నేనూ ముగ్గురం క్షేమమే. కరెంటు క్షేమంగా లేదు, నీళ్ళ మోటారు క్షేమంగా లేదు, నా బుర్ర అసలే బాగోలేదు. అంగోలాలో, నీ ఆసుపత్రిలో, నువ్వు బాగున్నావని తలుస్తాను. ఫోనులో చెప్పక ఈ ఉత్తరం ఏమిటంటావేమో. కరెంటు పోగానే సిగ్నలూ పోతోంది. నీతో పనిచేసే డాక్టరు గారు సెలవు ముగించుకుని మళ్ళీ అక్కడికి వస్తున్నారంటే, కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను.

ఇంకా బడికి వెళ్తున్నావా అని అడిగావు. వెళ్తున్నాను. లెక్కలు చెప్పడానికి కదా చేరింది? ఫిజిక్స్ ఆవిడ ఏప్రిల్‌లో దేశం దాటింది, ఆ పాఠాలు నాకు అంటగట్టారు. జాగ్రఫీ ఆయన పంక్చర్ల కొట్టు పెట్టుకుని నాకంటే బాగా తింటున్నాడు, ఆ పాఠాలూ నా నెత్తినే పడ్డాయి. ఇదేమిటి మేడమ్ అంటే, నువ్వు కుర్రాడివి, నీకు ఓపికుంటుంది అంది ప్రిన్సిపాల్. కుర్రాళ్ళ ఓపిక మీదే ఈ దేశం నడుస్తోంది మరి. దేశ భవిష్యత్తు యువతదేనని టీవీలో రోజూ చెబుతారు, అదీ టీవీ వెలిగితే. ఆ భవిష్యత్తు పొద్దున్నే గుర్రబ్బండి కోసం ఎండలో నిలబడి, చోటు దొరక్క, నడిచి బడికి వెళ్ళి, సగం ఖాళీ అయిన తరగతిలో గురుత్వాకర్షణ చెబుతోంది. నాతో చదివిన వాళ్ళలో ఊళ్ళో మిగిలినవాళ్ళను ఒక బండిలో ఎక్కించవచ్చు.

నాకు ఒళ్ళు మండేది ఇవేవీ కాదమ్మా. ఎవరికి ఏం చెప్పుకున్నా "తేలిక కాదు" అంటారు. బ్రెడ్డు రాలేదు, తేలిక కాదు. మందు దొరకలేదు, తేలిక కాదు. కష్టాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోతారు. నువ్వు కూడా పోయిన ఉత్తరంలో ఓపిక పట్టు అని రాశావు. ఆ మాట ఇంకొకసారి రాశావంటే జవాబు రాయను, చెబుతున్నా.

అమ్మమ్మ ఆయాసం తగ్గింది. ఎలా తగ్గిందో కింద రాస్తాను.

ఇక నీ అసలు ప్రశ్న. పెళ్ళంత వేడుకగా చేసే పదిహేనో పుట్టినరోజు ఫోటోల్లో చెల్లి యాయిలేన్ అద్దె గౌనులో ఉంది, విసనకర్ర పట్టుకుని ఉంది, మెట్ల మీద కూర్చుని ఉంది, కేకు మాత్రం ఏ ఫోటోలోనూ లేదేం అని అడిగావు. దాటేద్దామనుకున్నాను. దాటేస్తే నువ్వు ఊరుకునే రకం కాదు.

కేకుంది. చెరకు పండించే దేశంలో చక్కెర కోసం, కోళ్ళు తిరిగే వీధుల్లో గుడ్ల కోసం నెల రోజులు తిరిగి అన్నీ పోగుచేసి, కేకులు చేసే మిగ్దాలియా చేతిలో పెట్టాను. ఆవిడది కరెంటు ఓవెను కాబట్టి కరెంటు వచ్చినప్పుడే కేకు. పుట్టినరోజు నాటి పొద్దున్నే, మన అదృష్టం, కరెంటు వచ్చింది.

మన ఖాళీ సిలిండరు మాత్రం అంతకు నాలుగైదు రోజుల ముందు నుంచే గ్యాస్ కొట్టు దగ్గర మిగతావాటితో పాటు గొలుసుకు కట్టి ఉంది. నేను వెళ్ళి "చివర ఎవరు?" అని అడిగితే, చెట్టు నీడలో కూర్చున్న నెరెయిదా చెయ్యెత్తింది. ఒకప్పుడు రైల్వే టిక్కెట్లు ఇచ్చేదే, ఆవిడే. ఆవిడ వెనక నేను. తీరా చూస్తే తన చోటుతో పాటు చెల్లెలిదీ, ఊళ్ళో లేని మరిదిదీ పట్టి ఉంచింది. నాకు తిక్కరేగింది. ఊళ్ళో లేని మనిషికి చోటేమిటండీ, ఇలా చేసే ఈ దేశం ఇలా తగలడింది అన్నాను. ఆవిడ విసురుకోవడం కూడా ఆపలేదు.

"లేనివాళ్ళకే నాయనా చోటు పట్టాలి. ఉన్నవాళ్ళు ఎలాగూ నిలబడతారు."

పుట్టినరోజు నాడు లారీ రాదని అందరూ తేల్చేశారు. ఆ మాట నమ్మి కేకు తేవడానికి పోవడం నా తెలివితక్కువతనం. మిగ్దాలియా ఇంటి నుంచి అట్టముక్క మీద కేకు పెట్టుకుని, అందరూ తెచ్చినట్టే రెండు చేతుల్లో, మూత లేకుండా నడిచి వస్తున్నాను. గులాబీ రంగు మెరాంగు నురగ పూత, పైన తెల్ల పువ్వులు. ఎదురొచ్చిన ప్రతివాడూ ఎవరికిరా అని అడిగాడు. గ్యాస్ కొట్టు మలుపు తిరిగేసరికి లారీ నిలబడి ఉంది. సిలిండర్లు దించుతున్నారు.

ఇంటికి పోయి కేకు దించి వచ్చేసరికి మన వంతు దాటిపోతుంది. దాటితే మళ్ళీ చివరికే. అమ్మా, నీకు రాయొద్దని అమ్మమ్మ ఒట్టు పెట్టించుకుంది, ఆ ఒట్టు తప్పుతున్నాను. ఆ వారంలో బొగ్గుల పొయ్యి పొగకు ఊపిరాడక, పెదాలు నల్లబడి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. నేను బడిలో ఉన్నాను. పక్కింటివాళ్ళు చూశారు కాబట్టి సరిపోయింది. అందుకే కేకు పట్టుకుని క్యూలో నిలబడ్డాను.

మన వీధి ఫెర్మీన్ సైకిలు మీద పోతుంటే కేకు ఇంటికి తీసుకెళ్ళమన్నాను. హ్యాండిలుకు ఇటొకటి అటొకటి పందుల కుడితి బకెట్లున్నాయి. కబురైతే తీసుకెళ్తాను గానీ కేకు నా వల్ల కాదన్నాడు. క్యూలోవాళ్ళు కేకుకు రెండు గొడుగులు పట్టారు. నెరెయిదా ఈగలు తోలింది. అయినా పువ్వులు ఒక్కొక్కటే జారడం మొదలుపెట్టాయి. తెలిసినవాడూ తెలియనివాడూ వచ్చి చూసి తేలిక కాదని చెప్పి వెళ్ళాడు. ఆ అట్టముక్క వాళ్ళ నెత్తిన బోర్లించాలనిపించింది.

కబురందుకుని చెల్లే వచ్చింది, ఆ నీలం గౌను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, వెనకాల ఫోటోలాయనతో. కేకును చూసింది. నన్ను చూసింది.

"అన్నయ్యా, నాకు పదిహేనేళ్ళు ఒక్కసారే వస్తాయి. గ్యాస్ మళ్ళీ వస్తుంది."

"గ్యాస్ మళ్ళీ వస్తుందని నీకెవరు చెప్పారే?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ముఖానికి వేసుకున్న రంగంతా కారేలా ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, చేతుల్లో కేకుంది కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు. నా చెల్లెలికి ఒక పూట సంతోషం, అమ్మమ్మకు ఊపిరి, ఈ రెండింట్లో ఏదో ఒకటే తీసుకోమని ఒక మనిషిని ఎండలో నిలబెట్టే బతుకేమిటమ్మా ఇది?

చివరికి ముక్కు చీదుకుని, ఇల్లు చేరేసరికి ఇది పాయసమైపోతుంది, ఇక్కడే కోసేద్దాం అంది. నేను వద్దన్నాను. వింటుందా? నీ కూతురే కదా. గ్యాస్ కొట్టువాడు చాకిచ్చాడు. బోర్లించిన సిలిండరు బల్లయింది. క్యూ అంతా పుట్టినరోజు పాట పాడింది, శ్రుతి ఎవరికీ లేదు. చెల్లి ముక్కలు పంచుతూ పంచుతూ "చివర ఎవరు?" అని గట్టిగా అడిగింది. దూరంగా గోడ నీడలో ఒక ముసలాయన చెయ్యెత్తాడు. వెళ్ళి ఇచ్చి వచ్చింది. అట్ట మీద ఒక ముక్క మిగిలింది. ఎవరో చెయ్యి చాపితే చెల్లి అట్ట వెనక్కి లాక్కుంది.

"అది మా అమ్మదండీ. ఆవిడ చోటు నేను పట్టి ఉంచా."

నెరెయిదా నా వంక చూసింది.

గ్యాస్ దొరికింది. ఇప్పుడు అమ్మమ్మ పొయ్యి ముందు నిలబడి నన్ను తిట్టగలుగుతోంది. నీ ముక్క గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాం, కరెంటు పోయి పులిసిపోయింది. అమ్మమ్మ ఎంతకీ పారేయనివ్వలేదు. చీమలు పట్టాక చెల్లే తీసేసింది. గిన్నె మాత్రం కడిగి అదే చోట పెట్టింది, ఇంకేదీ పెట్టనివ్వడం లేదు.

నీకు చూపకుండా దాచిన ఫోటో ఇందులో పెట్టాను. నీలం గౌను, చుట్టూ సిలిండర్లు, ఉబ్బిన కళ్ళు, నోటి నిండా కేకు. అన్ని ఫోటోల్లోకీ అదే బాగుంది. ఈసారి ఓపిక పట్టు అని కాదు, ఎప్పుడొస్తావో రాయి.

ఇట్లు,
నీ వెనకే నిలబడి ఉన్న నీ కొడుకు,
ఓస్నియెల్