బావ మూసిన గండి

చెల్లి యుయే-లాన్‌కు,

ఈ ఉత్తరం రాయడం మానేద్దామనే అనుకున్నాను. నా చేతిరాత చూస్తే నీకు తలనొప్పి వస్తుందని చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నావు. పైగా ఈశాన్యపు గాలి మొదలైంది. పడవ కదిలితే గానీ ఉత్తరం మాగోంగ్‌లో నీకు చేరదు. కానీ నిన్న, ప్రకటనలు రాని ఆ టీవీ ఛానల్లో ఒకావిడ వచ్చే నెల వేయబోయే డాక్యుమెంటరీల గురించి చెప్పింది. గుడి కప్పు మీద పింగాణీ పెంకులతో డ్రాగన్లు అతికే ముసలాయనది ఒకటి. ఆ డ్రాగన్ మీసాలు అచ్చం మన మేనమామవే. ఆయన నీ పెళ్ళిలో తాగి రోకలిని పెళ్ళికొడుకనుకుని... సరే, అదిప్పుడు వద్దులే. పాత కోట గురించి ఒకటి, చలికాలం వచ్చే కొంగల గురించి ఒకటి. ఇంకొకటి మన సముద్రంలో రాళ్ళు పేర్చి కట్టిన చేపల కట్ట గురించి. నడుములోతు నీళ్ళలో రాయి ఎత్తుతూ మీ ఆయన. ఆవిడ కొంగలకు నవ్వినట్టే బావకూ నవ్వింది.

నువ్వది చూడవని తెలుసు. దహనం రోజు నువ్వన్న మాట ఊరంతా విన్నది: "టీవీలో మొహం చూసుకునే సరదాకి ప్రాణం ఇచ్చుకున్నాడు, నేనెందుకు ఏడవాలి?" ఏడవకుండానే కూతురింటికి వెళ్ళిపోయావు. ఊళ్ళో ఇప్పటికీ ఆయన్ని "హీరో" అనే అంటారు.

అది నిజం కాదమ్మా. నాకూ పోయిన వారమే తెలిసింది. డాక్యుమెంటరీ తీసిన ఫాంగ్ అనే అమ్మాయి నాకో ముక్క వినిపించడానికి వచ్చింది. వేరుశెనగలు వేయించి పెడితే ముట్టుకోలేదు.

ఆ రోజు బావ కట్టకి రాయి సరిగ్గానే పెట్టాడు. ఈ టీవీ వాళ్ళే, "తాతగారూ, ఇంకొక్కసారి, వెలుతురు బాగుంది" అని పెట్టిన రాయిని మళ్ళీ తీయించారు. ఇంతలో మబ్బు కమ్మింది. "ఇవాళ్టికి చాలు, రేపు పెడుదురు గాని" అని సామాను మోసుకుని ఒడ్డుకొచ్చేశారు. కట్టలో గండి అలాగే ఉంది.

వాళ్ళకేం తెలుసు? మనవాళ్ళెవరైనా గండి తెరిచి పోటుకి వదిలేస్తారా? చీట్లు తీసి వంతులు వేసుకున్న కట్ట అది. ఇవాళ ఒకడిది, రేపు ఇంకొకడిది. గండి ఉంటే పోటుతో వచ్చిన చేప ఆటుతోనే వెళ్ళిపోతుంది. అందుకే బావ ఆగాడు, కెమెరాలన్నీ వెళ్ళిపోయాక. చొక్కా కాలర్‌కి పెట్టిన మైకు తీసుకోవడం మాత్రం మరిచిపోయారట. ఒడ్డున వాళ్ళ రికార్డింగ్ పెట్టెలో బావ గొంతు పడింది. రాయిని బతిమాలుతున్నాడు: "రావే తల్లీ, ఇంకాస్త... రేపు వంతు మా బావది. గండి వదిలేస్తే వాడు నన్ను తిట్టడానికి మా తాతముత్తాతల్ని కూడా లేపుతాడు." తరవాత నవ్వాడు. తరవాత నీళ్ళ చప్పుడు, అంతే.

వంతు నాదే చెల్లీ. మోకాలి నొప్పితో నేనింట్లో పడుకుని ఉన్నాను. మర్నాడు గండి మూసే ఉందట. కట్ట నిండా చేపలు పడ్డాయట. ఎవరూ ముట్టుకోలేదు.

ఆ మాట డాక్యుమెంటరీలో పెట్టాలంటే భార్య ఒప్పుకోవాలని ఫాంగ్ అంది. పెట్టించు. ఊళ్ళో వాళ్ళ నోళ్ళు మూతపడతాయి. నా చేపల కోసం పోయాడని అందరికీ తెలుస్తుంది, తెలియనీ. నువ్వు నాతో మాట్లాడ్డం మానేసినా సరే.

నీ అన్న,
షుయ్-యువాన్

---

అన్నయ్యా,

పెట్టవద్దని చెప్పు. అది ఆయన రాయితో చెప్పుకున్న మాట, ఊరికి చెప్పింది కాదు. ఆ ముక్క నాకు పంపమను. హీరో అంటే అననీ, నేనే మొదలుపెట్టాను కదా.

నిన్ను తిడదామనే కూర్చున్నాను. నీ నోటికి ఆయన నిజంగానే భయపడేవాడు, తెలుసా? నీ వంతు రోజున ఇంట్లో గట్టిగా దగ్గేవాడు కూడా కాదు. ఇప్పుడు ఏడుస్తున్నాను. అల్లుడు ఉల్లిపాయలనుకుంటున్నాడు, అనుకోనీ.

మోకాలికి అల్లం కాపడం పెట్టుకో.

యుయే-లాన్

---

చెల్లీ,

నిన్న రాత్రి వేశారు. గుడి అరుగు మీద అందరం కూర్చుని చూశాం. బావ రాయి ఎత్తాడు, వెనక ఏదో పిల్లనగ్రోవి వాయించారు. ఆయన గొంతు లేదు. మన పడవ తోలే ఆ-హాయ్, "హీరో బాగా చేశాడు తాతా" అన్నాడు. అవునన్నాను. తరవాత కొంగలు వచ్చాయి. ఎవరూ లేవలేదు, నేను లేచి వచ్చేశాను.

ఈ పొద్దున నా వంతు. మోకాలు ఈడ్చుకుంటూ వెళ్ళాను. బావ పెట్టిన రాయి కదల్లేదు. చిన్న చేపలు రెండు పడ్డాయి. ఒకటి ఉప్పు పెట్టి ఎండకి వేశాను. గాలి తగ్గాక ఆ-హాయ్ పడవలో పంపుతాను.

షుయ్-యువాన్