రిపీట్ కోడ్

జనవరి 11, 2025. కోంటా

ఈ నోటుబుక్కు మా ఆయనది. షాపుకు రిపేరుకొచ్చిన ప్రతి సామాను గురించీ ఇందులో రెండు ముక్కలు రాసుకునేవాడు. చివరి రాత సెప్టెంబర్‌ది. "ముయా, డిష్ రిమోట్, కింద పడేసుకున్నాడు." ఆ మర్నాడే ఈయనా కింద పడ్డాడు. కుడి పక్కంతా పోయింది. మాట పోయింది. తర్వాతవన్నీ ఖాళీ పేజీలు. ఖాళీ పేజీలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకని రాస్తున్నాను.

ఇవాళ నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను కింద షాపులో సోల్డరింగ్ చేసుకుంటున్నాను. పైగదిలో ఆయనకి గొంతులో కఫం అడ్డుపడింది. అరవలేడు, తనంతట తాను పక్కకి తిరగలేడు. అదృష్టం బాగుండి అదే టైముకి గంగే అంబలి తీసుకుని పైకెళ్ళింది. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తున్న దోర్లా తెగ మనిషి, ఏం చెయ్యాలో దానికి నాకంటే బాగా తెలుసు. ఎడమ పక్కకి తిప్పి, వీపు చరిచి, గొంతులోది బయటికి తెప్పించింది. నేను వెళ్ళేసరికి ఆయన పెదాలు నల్లగా ఉన్నాయి.

తిప్పడానికి రెండు మూడు నిమిషాలే టైము అని భద్రాచలంలో డాక్టర్ ముందే చెప్పాడు. కింద ఉన్న నాకు ఆ సంగతి తెలిసేదెలా?

జనవరి 12

మా మరిది శివప్రసాద్ జగదల్‌పూర్ నుంచి ఫోన్ చేశాడు. వైర్‌లెస్ కాలింగ్ బెల్లు రెడీమేడ్‌గా దొరుకుతుంది, రేపు బస్సులో వేస్తా వదినా అన్నాడు. వద్దన్నాను. కాలింగ్ బెల్లు స్విచ్ గట్టిగా ఉంటుంది, ఆయన ఎడమచేతి బొటనవేలికి అంత బలం లేదు అని చెప్పాను. పాత డీవీడీ రిమోట్ రబ్బరు బటన్లయితే మెత్తగా ఉంటాయి. కరెంటు లేకపోయినా దాన్నే పట్టుకుని పొద్దంతా నొక్కుతుంటాడు. ఆ ఎర్ర బటన్ నొక్కితే కింద బెల్లు మోగేలా నేనే చేస్తానన్నాను.

చెప్పింది అబద్ధం కాదు. కానీ నిజమంతా కూడా కాదు. ఎలక్ట్రానిక్స్ షాపు మనిషిని, కొన్న బెల్లు తెచ్చి మా గోడకి తగిలిస్తే నా పరువేం కాను? ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

జనవరి 16

పెళ్ళయి వచ్చేటప్పటికి నాకు రేడియోకి బ్యాటరీలు వెయ్యడం కూడా సరిగ్గా రాదు. వానాకాలంలో శబరి పొంగి రోడ్లు మూసుకుపోతే షాపుకి పురుగు కూడా వచ్చేది కాదు. అప్పుడు నేర్పాడు చిప్‌కి ప్రోగ్రాం రాసే అసెంబ్లీ భాష. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కి చిప్ ఎన్ని క్లాకులు తీసుకుంటుందో వేళ్ళ మీద లెక్కపెట్టించేవాడు. తప్పితే నెత్తి మీద ఒక మొట్టికాయ. సీ భాషలో రాస్తే పని అవుతుంది, అసెంబ్లీలో రాస్తే పని ఎట్ల అవుతుందో తెలుస్తుంది పిల్లా అనేవాడు. నలభై దాటినా పిల్లనే.

పన్నెండో తారీఖునే సెన్సార్ పెట్టి రిమోట్ సిగ్నల్ చూశాను. బటన్ నొక్కగానే కంటికి కనపడని వెలుగు తొమ్మిది మిల్లీసెకన్లు. నాలుగున్నర ఖాళీ. తర్వాత ముప్ఫై రెండు బిట్లు. రెండు వెలుగుల మధ్య ఖాళీ చిన్నదైతే సున్నా, పెద్దదైతే ఒకటి. ఆ ఖాళీల్ని కొలిచే లూప్ రాయాలి. అంతే పని. అంతే అనుకుని నాలుగు రోజులు పోగొట్టుకున్నాను.

జనవరి 17

సెన్సార్ తలకిందులుగా చెబుతుందని మరిచిపోయాను. వెలుగు వస్తే దాని అవుట్‌పుట్ కాలు మీద సున్నా. మొట్టికాయ.

జనవరి 19

మోగింది!

సెన్సార్‌ని ఆయన మంచానికి ఎదురు గోడకి, చెయ్యి చూపే ఎత్తులో బిగించాను. చిప్ డబ్బా దాని పక్కన, అక్కడి నుంచి వైరు కిందకి. రిమోట్ ఆయన చేతిలో పెట్టి మెట్లు దిగాను. షాపులో కాలు పెట్టానో లేదో బెల్లు. మళ్ళీ పైకి పరుగు. ఆయన నన్ను చూసి మూతి ఎడమ వైపు లాగాడు. ఇప్పుడు నవ్వంటే అదే. నేను మంచం పట్టి మీద కూలబడి ఏడ్చేశాను. గంగే ఏందక్కా, బెల్లు మోగితే ఏడుస్తవా అని నవ్వింది.

జనవరి 24

కొత్త తలనొప్పి. ఆయన బొటనవేలు బటన్ మీద పడితే వెంటనే లేవదు. బటన్ అట్లా నొక్కి ఉంచితే రిమోట్ అసలు కోడ్ ఒక్కసారే పంపి, తర్వాత వదిలేదాకా సెకనుకి తొమ్మిది సార్లు రిపీట్ కోడ్ పంపుతుంది. రిపీట్‌లో బిట్లు ఉండవు. "ఇంకా నొక్కే ఉన్నాడు" అని చెప్పడమే దాని పని. నేను దానికీ బెల్లు మోగించాను. దాంతో ఒక్క నొక్కుకి పదీ పదిహేను మోతలు. సెట్‌టాప్ బాక్స్ తెచ్చిన క్యాంపు జవాను, భాభీ, ఊపర్ మందిర్ హై క్యా, పైన గుడి ఉందా అని అడిగాడు. నేను చేతిలో సోల్డరింగ్ ఐరన్‌తోనే పైకి పరిగెత్తాను. చూస్తే ఆయనకి మంచినీళ్ళు కావాలట.

రిపీట్‌ని పారేస్తాను. ఒక నొక్కు, ఒక మోత. నీట్‌గా.

జనవరి 27

నీట్‌గా వచ్చింది. పారేసిన రిపీట్లు ఎన్నో చూసుకోడానికి చిప్‌లో ఒక బైట్ కౌంటర్ పెట్టాను. కరెంటు పోయినా అది చెరిగిపోదు. అసలు కోడ్ సరిగ్గా వచ్చినప్పుడల్లా సున్నా అవుతుంది.

ప్రోగ్రాం ప్రింటు తీసి ఆయనకి చూపించాను. పరీక్ష పేపరు దిద్దించుకునే పిల్లలా పక్కన కూర్చున్నాను. ఒక్కో లైనూ కళ్ళతో చదివాడు. రిపీట్‌ని పారేసే లైను దగ్గర నేను సరదాకి "చెత్త, పారెయ్" అని కామెంట్ రాశాను. అక్కడ ఆగి గోరుతో నొక్కాడు. గొంతులోంచి ఏదో శబ్దం. నా కామెంటుకి నవ్వాడు! నాలుగు నెలల తర్వాత నా మాటకి నవ్వాడు. రెండోసారి కూడా అక్కడే నొక్కాడు. నచ్చిందిలే మహానుభావా అని కాగితం మడిచి దిండు కింద పెట్టాను.

ఫిబ్రవరి 9

పొద్దుటి నుంచి పదకొండు సార్లు బెల్లు. పదకొండు సార్లూ మెట్లెక్కాను. ఒక్కసారి కూడా ఏమీ అక్కర్లేదు. ఊరికే నా మొహం చూసి మూతి లాగుతాడు. పదకొండోసారి నాకు తిక్క రేగింది. కింద జనం ఉన్నారు, ఆటలాడుకోడానికి నేనేమైనా బొంగరాన్నా అని అరిచాను. గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం దాకా ఒక్కసారి కూడా మోగలేదు.

ఫిబ్రవరి 10

ఎన్నిసార్లయినా నొక్కు, చచ్చినట్టు వస్తాను అని చెప్పాను. వెంటనే నొక్కాడు. మనిషి ఎక్కడికి పోతాడు!

ఫిబ్రవరి 26

రోజూ పొద్దున ఏడింటికి నేను షాపులోకి దిగగానే ఒక్క బెల్లు. ఎవరూ అనుకున్నది కాదు, అలవాటైపోయింది. ఆ మోత వింటేనే షట్టర్ ఎత్తుతాను.

ముయా రిమోట్ తీసుకెళ్ళడానికి ఇన్నాళ్ళకి వచ్చాడు. పైకెళ్ళి ఆయన పక్కన కూర్చుని వాళ్ళ దోర్లీ భాషలో చాలాసేపు మాట్లాడాడు. సారు అంతా ఇంటున్నడక్కా, జవాబు కూడా చెప్తున్నడు, మనకే అర్థమైతలేదు అన్నాడు వెళ్తూ వెళ్తూ. మంచి మాట అన్నాడనుకున్నాను.

మార్చి 9

నెలన్నరలో రెండుసార్లు కఫం పట్టింది. రెండుసార్లూ బెల్లు మోగింది. రెండుసార్లూ అందుకున్నాను. శివప్రసాద్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాను. గర్వంగానే చెప్పాను.

మార్చి 23

సంత రోజు. ఎనిమిదింటికి గంగే ఇప్పపూల గంప తెచ్చి, సంతకి పోతా పోతా సారుకి వాసన చూపిస్తనని పైకి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. పక్కింటి డాబా మీద కూడా పూలు ఎండబోశారు. చలికాలం మొదలైనప్పటి నుంచి మూసి ఉన్న తూర్పు కిటికీ తెరిచి, కర్టెన్ పూర్తిగా లాగేశాను. శబరి కనిపిస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని ముక్కు నిండా గాలి పీల్చుకున్నాడు. గదంతా ఎండ.

ఇది ఎనిమిదింబావుకి కౌంటర్ దగ్గర రాస్తున్నాను. సంత జనం వస్తున్నారు. మిగతాది తర్వాత.

ఏప్రిల్ 4

పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు.

ఆ రోజు తొమ్మిదింబావుకి అంబలి తీసుకుని పైకెళ్ళాను. ఆయన లేడు. శరీరం ఉంది. రిమోట్ నేల మీద పడి ఉంది. అంత వరకే రాయగలను.

నిద్రలోనే పోయాడు వదినా, నొప్పి తెలిసి ఉండదు అంటాడు శివప్రసాద్. వచ్చినవాళ్ళందరూ అదే అన్నారు. నేనూ నమ్మాను. నా దగ్గర రుజువు ఉంది కదా. గొంతు పట్టి ఉంటే బెల్లు నొక్కేవాడు. బెల్లు మోగలేదు. అంటే తెలియకుండానే పోయాడు. పన్నెండు రోజులుగా ఆ ఒక్క మాట పట్టుకునే తింటున్నాను, పడుకుంటున్నాను.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం

ఎందుకు చేశానో. ఎవరు చెయ్యమన్నారు నన్ను.

గోడకి ఆ డబ్బా చూడలేక విప్పేశాను. చిప్‌ని చెరిపి ఇంకో పనికి వాడదామని, చిప్‌లోది చదివీ చెరిపీ చేసే ప్రోగ్రామర్ మెషీన్‌లో పెట్టాను. చెరిపే ముందు చదవాలి, లోపల ఎవరి పని ఉందో చూడాలి అనేవాడు. ఆ అలవాటు కొద్దీ చదివాను. కౌంటర్ బైట్‌లో ఎఫ్ ఎఫ్.

రెండు వందల యాభై ఐదు.

ఏప్రిల్ 6, సాయంత్రం

ఆ రోజు ఏడింటికి ఎప్పటిలాగే ఒక్క బెల్లు మోగింది. అది విని షట్టర్ ఎత్తాను. అప్పుడు కౌంటర్ సున్నా అయింది. తర్వాత ఇంకే మోతా లేదు. ఏడింటి తర్వాత రెండు వందల యాభై ఐదు రిపీట్లు వచ్చాయి. అసలు కోడ్ ఒక్కటీ అందలేదు.

రిమోట్ కింద పడ్డప్పుడు బటన్ అదుముకుపోయి ఉంటుందనుకున్నాను. అదే నేల మీద ఇరవై సార్లు పడేసి చూశాను. ఒక్కసారి కూడా నొక్కుకోలేదు.

ఏప్రిల్ 7

డబ్బా మళ్ళీ గోడకి బిగించి, కిటికీ తెరిచి, ఎనిమిదిన్నరకి ఆయన మంచం మీద పడుకుని ఎర్ర బటన్ నొక్కాను. సెన్సార్ మీద నేరుగా ఎండ. ఎండలోనూ ఆ కనపడని వెలుగే ఉంటుంది, మా పనిలో ఎవరికైనా తెలిసిన సంగతే. అసలు కోడ్ పొడుగు, ముప్ఫై రెండు బిట్లు. ఎండకి అందులో ఒక్క బిట్ చెడినా నా ప్రోగ్రాం మొత్తాన్నీ వదిలేస్తుంది. రిపీట్ పొట్టిది, చెడడానికి అందులో ఏమీ లేదు. అది శుభ్రంగా వచ్చింది. సెకనుకి తొమ్మిది సార్లు వచ్చింది. ప్రతిసారీ నేను దాన్ని పారేశాను.

బెల్లు మోగలేదు.

రిపేరు చేసిన సామాను టేబుల్ మీద పనిచేస్తే చాలదు, అది ఉండే చోట పెట్టి చూడాలి అని ఇరవై ఏళ్ళు చెప్పాడు. నేను కర్టెన్ వేసి ఉన్న గదిలో చూశాను. ఆ కర్టెన్‌ని నా చేత్తోనే లాగేశాను. నా ఇష్టంతో, ఆయన సంతోషం కోసం.

అక్కడ పడుకుని నొక్కుతున్నాడు. కింద నేను ఎవరిదో సెట్‌టాప్ బాక్స్‌కి ఛానళ్ళు వెతుకుతున్నాను. ఎన్నిసార్లయినా నొక్కు, చచ్చినట్టు వస్తానన్నాను.

ఏప్రిల్ 8

రెండు వందల యాభై ఐదు రిపీట్లంటే ఇరవై ఎనిమిది సెకన్లు. కానీ ఒక బైట్‌లో అంతకు మించి పట్టదు. నిండగానే ఆగిపోయేట్టు రాశాను. కాబట్టి ఇరవై ఎనిమిది సెకన్లే కావచ్చు. రెండు నిమిషాలు కావచ్చు. రెండో బైట్ పెట్టి ఉంటే తెలిసేది. చిప్‌లో చోటు ఉంది. బోలెడంత ఉంది.

శివప్రసాద్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. రెడీమేడ్ బెల్లయినా పాడైపోవచ్చు కదా వదినా అన్నాడు. మంచివాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 10

గంగే పరుపు ఎండబెడుతుంటే దిండు కిందనుంచి కాగితం పడింది. జనవరిలో ఆయనకి చూపించిన ప్రింటు.

"చెత్త, పారెయ్" అన్న చోట గోరు గుర్తు ఉంది. నా కామెంట్ మీద కాదు. దాని పక్కన, రిపీట్‌ని పారేసే లైను మీద. రెండోసారి నొక్కినప్పుడు కాగితం చిరిగింది కూడా.

ఆయన నవ్వలేదు.

ఏప్రిల్ 13

ఆ లైను మార్చాను. ఇప్పుడు రిపీట్ ఒక్కటే వచ్చినా మోగుతుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

కిటికీ తెరిచి, ఎండలో, ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని నొక్కాను. కింద బెల్లు మోగింది. మోగుతూనే ఉంది. నేను వేలు తియ్యలేదు. షాపు ఊడుస్తున్న గంగే పరుగెత్తుకుంటూ పైకి వచ్చింది. మంచం మీద నన్ను చూసింది. నన్ను ఎడమ పక్కకి తిప్పి వీపు మీద చరిచింది.