బ్రిటన్ వైపు కుర్చీలు

ఇర్వింగ్,
బుధవారం.

సంఘ పెద్ద జయపాల్ బ్రదర్ గారికి వందనాలు.

ఆదివారం చర్చి డిబేట్‌లో మాట్లాడినందుకు నేను సంఘం ముందు క్షమాపణ చెప్పాలని మెసేజ్ పెట్టారు. చెప్పను.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లోంచి ఏ షరతుల మీద బయటికి రావాలన్న టాపిక్ ఇచ్చింది మీరే. ఆరాధనలో కూర్చున్నట్టే కూర్చోమని, ఆడవాళ్ళ వైపు బ్రిటన్, మగవాళ్ళ వైపు యూనియన్ అని పంచిందీ మీరే. మేము నవ్వుకుంటూనే మొదలుపెట్టాం.

"వెళ్ళాలంటే మా పర్మిషన్ ఉండాలి కదమ్మా" అన్నారు మీరు.

"పర్మిషన్ ఎందుకండీ, షరతులు మాట్లాడుకుందాం. ఇన్నేళ్ళూ మీ కమిటీ మీటింగులకి బిర్యానీ వండింది మేము. ఓటు మాత్రం మాకు లేదు" అన్నాను.

ఆ తర్వాత హాల్లో ఎవరూ బ్రిటన్ ఊసెత్తలేదు. మీ ఇంటావిడ లూసీ అక్క కూడా చప్పట్లు కొట్టారు. మీ కోపం అందుకేనని నాకు తెలుసు.

నేను సంఘం వదిలి వెళ్ళిపోతానని ఆశపడకండి. వచ్చే ఆదివారం కమిటీ మీటింగ్‌కి మేమందరం వస్తున్నాం, మీ పక్క కుర్చీల్లోనే కూర్చుంటాం. ఓటు సంగతి అక్కడే తేల్చుకుందాం.

ఆ రోజు బిర్యానీ మాత్రం యూనియన్ వాళ్ళు వండాలి.

మీ సహోదరి