తూర్పు ముఖంగా పోసిన నూనె

చి. నగేష్‌కు,

ఉదయం వాకిట్లో ఉన్నవారు వరుసగా: నేను, మీ అమ్మ, కోడలు జ్యోత్స్న. రాత్రంతా బండి నడిపి పడుకున్న నిన్ను లేపలేదు.

లేవగానే నీ దగ్గరున్న రెండో తాళంచెవితో మన క్రేన్ బండి స్టార్ట్ చేయవద్దు. భూపాలపల్లిలో ఆగిపోయిన లారీని ఈ స్థితిలో దానితో లాగితే మన బండి వెనుక ఇరుసులోని పళ్ళచక్రాలు పాడవుతాయని నా భయం.

ఆ ఇరుసు నూనె మేమే మార్చాము. "కొత్త నూనె పోసేటప్పుడు బండి మొఖం తూర్పుకే ఉండాలె" అని మీ అమ్మ పట్టుబట్టింది. అందుకని ముందు చక్రాలను తూర్పు గేటు దగ్గరి ఎత్తు మీదికి ఎక్కించాము. వెనుక రంధ్రం నుండి పొర్లేవరకు పోయాలని బండి పుస్తకంలో ఉన్నది. పొర్లింది. కానీ పాత నూనె బకెట్ నిండా దిగింది, కొత్త డబ్బాలో సగం మిగిలింది. ఈ రెండూ ఎలా పొసగుతాయో నాకు బోధపడలేదు.

"మామయ్యా, బండి వాలుగ ఉన్నది గదా, నూనె ఎనకకు జారి ముందుగాలనే పొర్లిందేమో" అన్నది జ్యోత్స్న.

"గంతసేపు ఇంగ్లీషు పుస్తకం జదివి గిదేంది?" అని మీ అమ్మ నవ్వింది. నాకు కోపం వచ్చి, బండి స్టార్ట్ చేయబోయాను.

న్యూట్రల్‌లో మెల్లగా చదునుకు దింపి, రంధ్రం మూత తీసి వేలు పెట్టి చూడు. నూనె తగలకపోతే మిగిలిన నూనె కూడా పోయాలి. జ్యోత్స్న పొలానికి వెళ్ళింది. మీ అమ్మా నేనూ జనగామ కంటి ఆసుపత్రికి వెళ్తున్నాము.

మరొక మాట. నా చేతిలోని తాళంచెవి లాక్కొని కొంగున ముడివేసుకున్న జ్యోత్స్న చర్య సమంజసమైనదని ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను.

నాన్న